మూడడుగుల ఎత్తులో పరీక్ష

హెలికాప్టర్ అంటే నిట్టనిలువుగా పైకి లేచిపోయేదని చాలామంది నమ్మకం. సినిమాల్లో హీరో ఎక్కిన హెలికాప్టర్ అలాగే లేస్తుంది మరి. ఈసారి మీ ఊరి కాలేజీ మైదానంలో ఎన్నికల సభకు హెలికాప్టర్ దిగితే, వచ్చిన నాయకుణ్ని వదిలేసి యంత్రాన్ని చూడండి. తిరిగి వెళ్లేటప్పుడు మామూలుగా అది రెండు మూడడుగులు లేచి ఆగుతుంది. కాసేపు అక్కడే గాల్లో నిలబడుతుంది. తర్వాత ముక్కు కాస్త వంచి, నేలకు దగ్గరగానే ముందుకు పరుగు తీసి, వేగం పుంజుకున్నాకే పైకి ఎక్కుతుంది. నిలువుగా వెళ్లే సత్తా ఉండి కూడా అలా వెళ్లదు.

అలా గాల్లో నిలబడడాన్ని హోవర్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది ఎలాగోలా గట్టెక్కాల్సిన గండంలా కనిపిస్తుంది. నేను దాన్ని హెలికాప్టర్‌కు పెట్టే పరీక్షగా చూస్తాను. ఈ రోజు, ఈ ఎండలో, ఈ బరువుతో తన దగ్గర ఎంత శక్తి మిగిలి ఉందో ఆ యంత్రం మీకు స్వయంగా చెప్పేది అక్కడే. నేల మీద నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వెళ్లిపోయే పద్ధతి కూడా ఉంది. దానికి తగిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అందులో పరీక్ష పెట్టే వ్యవధి ఉండదు కాబట్టి జవాబు ముందే చేతిలో ఉండాలి. రెండు పద్ధతుల మధ్య అసలు తేడా ఇదే. చేతుల కదలికల్లో తేడా దీని తర్వాతి మాట.

ఉదాహరణలు రాబిన్సన్ ఆర్ 22 మీద చెబుతాను. శిక్షణకు విరివిగా వాడే రెండు సీట్ల హెలికాప్టర్ అది. ఎడమ చేతిలో కలెక్టివ్ ఉంటుంది. దాన్ని ఎత్తితే రోటర్ రెక్కలన్నీ ఒకేసారి కోణం పెంచుకుని ఎక్కువ గాలిని కిందికి తోస్తాయి. దాని చివరే చేత్తో తిప్పే థ్రాటిల్. గవర్నర్ ఆన్‌లో ఉంటే రోటర్ చుట్ల సంగతి చాలావరకు అదే చూసుకుంటుంది. కుడి చేతిలో సైక్లిక్. తిరిగే రోటర్ ఎటు వాలాలో అది చెబుతుంది, రోటర్ ఎటు వాలితే హెలికాప్టర్ అటు పోతుంది. పాదాల కింద పెడల్స్, అవి తోక చివరి చిన్న రోటర్‌కు.

ఇక్కడొక చిక్కు ముందే చెప్పేయాలి. ఆర్ 22 రోటర్‌ను పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అందుకే శక్తి పెంచినప్పుడల్లా ముక్కు కుడికి తిరగబోతుంది, ఎడమ పెడల్‌తో ఆపాలి. హకీంపేటలోని వాయుసేన హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ పుణ్యమా అని హైదరాబాద్ ఉత్తరపు శివార్లలో పెరిగినవాళ్లకు బాగా తెలిసిన చేతక్ ఫ్రెంచి డిజైన్. దాని రోటర్ గడియారం దిశలోనే తిరుగుతుంది, కాబట్టి అక్కడ నొక్కాల్సింది కుడి పెడల్. అమెరికన్ పుస్తకం చదివి ఫ్రెంచి హెలికాప్టర్ ఎక్కేవాళ్లు కుడి ఎడమలు తారుమారు చేసుకుని చదువుకోవాలి. ఈ అధ్యాయంలో చెప్పే కుడి ఎడమలన్నీ ఆర్ 22 వే.

లేవకముందు వేయాల్సిన లెక్క

వేసవి మధ్యాహ్నం బేగంపేట విమానాశ్రయాన్ని తీసుకుందాం. సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెలలో 42 డిగ్రీలు ఉందనుకోండి. తేడా 30 డిగ్రీల పైమాటే. ఒక్కో డిగ్రీ తేడాకు 120 అడుగులు కలుపుకోవాలన్నది పైలట్ల నోటిలెక్క. అలా కలిపితే మొత్తం దాదాపు 5,400 అడుగులు వస్తుంది. మీరు నిలబడింది బేగంపేటలోనే. కానీ ఇంజన్‌కూ రెండు రోటర్లకూ దొరుకుతున్నది 5,400 అడుగుల కొండ మీద ఉండేంత పల్చటి గాలి. అదే రోజు తెల్లవారుజామున 24 డిగ్రీలున్నప్పుడు లెక్క వేస్తే 3,200 అడుగుల చిల్లర వస్తుంది. హెలికాప్టర్ అదే, మనుషులు వాళ్లే, చోటు కూడా అదే. మధ్యలో రెండు వేల అడుగుల కొండ వచ్చి చేరింది. ఎండాకాలం శిక్షణ విమానాలు పొద్దున్నే ఎగరడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఎండ బాధ తప్పడం అదనపు లాభం.

ఈ అంకెను హెలికాప్టర్ మాన్యువల్‌లో ఉన్న రెండు పటాలతో సరిచూసుకోవాలి. మొదటిది, నేలకు దగ్గరగా ఎంత బరువుతో హోవర్ చేయగలదో చెబుతుంది. రెండోది, నేల ఆసరా లేనంత ఎత్తులో ఎంత బరువుతో నిలబడగలదో చెబుతుంది. రెండో అంకె ఎప్పుడూ చిన్నదే. ఆర్ 22 గరిష్ఠ బరువు 1,370 పౌండ్లు, అంటే 621 కిలోలు. బరువు అడిగితే మొహమాటపడి నాలుగైదు కిలోలు తగ్గించి చెప్పే మనుషులుంటారు. వాళ్లను నొప్పించకుండా తూకం మీద నిలబెట్టడం కూడా పైలట్ పనే. కేదార్‌నాథ్ వెళ్లే తెలుగు యాత్రికులను హెలిప్యాడ్ దగ్గర తూకం యంత్రం ఎక్కించినప్పుడు చిరాకు పడతారు గానీ, ఆ అంకె నేరుగా ఈ పటంలోకే వెళుతుంది.

గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకోవడం, దానికి ఎదురుగా ముక్కు పెట్టుకోవడం తర్వాతి పని. వెళ్లే దారిలో కరెంటు తీగల కోసం కళ్లు చిట్లించుకోకండి, అవి కనపడవు. స్తంభాల కోసం వెతకండి. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే. చుట్టుపక్కల షామియానా గుడ్డలు, ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ సంచులు వదులుగా ఉంటే తీయించాకే ఇంజన్ పూర్తి చుట్లకు తేవాలి. ఎగిరిన ఫ్లెక్సీ ముక్క టెయిల్ రోటర్‌లో పడితే మిగతా అధ్యాయంతో పని ఉండదు.

నేలను వదిలే ఆ రెండు క్షణాలు

విద్యార్థులు హోవర్ గురించి భయపడతారు. నేనైతే దానికి ముందు వచ్చే రెండు క్షణాల గురించి ఎక్కువ భయపడమంటాను. హెలికాప్టర్ నేల మీద ఉన్నంతసేపూ స్కిడ్లు, అంటే చక్రాల బదులు కింద ఉండే కడ్డీలు, దాన్ని పట్టుకుని ఉంటాయి. గాల్లోకి వెళ్లాక రోటర్ పట్టుకుంటుంది. మధ్యలో, బరువులో చాలాభాగం రోటర్ మీదికి వచ్చి, స్కిడ్లు ఇంకా నేలకు తగులుతూ ఉన్న స్థితి ఒకటుంది. పైలట్ల మాటల్లో అది 'లైట్ ఆన్ ద స్కిడ్స్'. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

కలెక్టివ్‌ను చాలా నెమ్మదిగా ఎత్తండి. చూపు స్కిడ్ల దగ్గర పెట్టకండి, దూరంగా ఏదో ఒక చెట్టో, హ్యాంగర్ మూలో చూడండి. హెలికాప్టర్ తేలికపడుతున్నట్టు ఒంటికి తెలుస్తుంది. అక్కడ ఆపండి. చేయి దించకండి, ఎత్తకండి. ముక్కు కుడికి జరుగుతోందా? ఎడమ పెడల్ ఇంకాస్త. పక్కకు జారాలని చూస్తోందా? సైక్లిక్‌తో ఆపండి. తోక రోటర్ ముక్కును నిలబెట్టే ప్రయత్నంలో మొత్తం హెలికాప్టర్‌ను కుడివైపుకు తోస్తుంటుంది, అందుకే సైక్లిక్‌ను కాస్త ఎడమకు పట్టాల్సి వస్తుంది. ఆ కారణంగానే ఇలాంటి హెలికాప్టర్ ఎడమ స్కిడ్ కిందికి వాలి నిలబడుతుంది. మామూలుగా కుడి స్కిడ్ ముందు లేచి, ఎడమది తర్వాత లేస్తుంది. ఒక స్కిడ్ ముందే లేచిందని కంగారుపడి ఎదురు తోసేవాళ్లు చాలామంది. అది తప్పు కాదని తెలిస్తే చేయి స్థిమితంగా ఉంటుంది.

ఇప్పుడు ఒక స్కిడ్ నేలకు అతుక్కుపోయిందనుకుందాం. కట్టిన తాడు విప్పడం మర్చిపోయి ఉండొచ్చు, వానకు నానిన మట్టిలో దిగబడి ఉండొచ్చు, ఎండకు మెత్తబడిన తారులో ఇరుక్కుని ఉండొచ్చు. ఒక పక్క లేస్తుంది, రెండో పక్క లేవదు. అతుక్కున్న స్కిడ్ ఇరుసుగా మారి హెలికాప్టర్ దాని చుట్టూ పక్కకు తిరగడం మొదలుపెడుతుంది. దీన్ని డైనమిక్ రోలోవర్ అంటారు. దొర్లే వేగం ఒకసారి పుంజుకుంటే, 5 నుంచి 8 డిగ్రీల వాలు దాటాక సైక్లిక్‌ను పూర్తిగా ఎదురు తోసినా ఆగదు. కదలకుండా ఉన్న హెలికాప్టర్ పడిపోవాలంటే అంతకంటే చాలా ఎక్కువ వాలు కావాలి. కదులుతున్నదానికి ఇంత చాలు.

ఒరుగుతున్నప్పుడు మన సహజబుద్ధి ఏం చెబుతుంది? పైకి లాగు, గాల్లోకి వెళ్లిపో అంటుంది. కలెక్టివ్ లాగితే రోటర్ బలం పెరుగుతుంది. ఆ బలం ఇప్పటికే వాలిన వైపు ఉంది కాబట్టి ఒరగడం ఇంకా వేగంగా జరుగుతుంది. చేయాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం: కలెక్టివ్ దించడం. అదీ ఒక్కసారిగా జారవిడవడం కాదు. అలా చేస్తే ఆ ఊపుకు రెండోవైపు ఎగిరిపడొచ్చు. సాఫీగా, వెంటనే దించాలి. ఈ ఒక్క స్పందన ఆలోచించకుండా చేతికి రావాలి. ఇంట్లో కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని, ఎడమ చేయి పక్కన పెట్టుకుని, 'ఒరిగింది... దించాను' అని రోజూ కొన్నిసార్లు చేసినా సిగ్గుపడాల్సిన పనేం లేదు. పైకి లాగాలన్న కోరికను చంపడానికి అంతకంటే చౌకైన మందు దొరకదు.

హోవర్‌లో అడగాల్సిన ప్రశ్నలు

స్కిడ్లు రెండూ స్వేచ్ఛగా ఉన్నాయని తెలిశాక ఇంకాస్త కలెక్టివ్. మూడడుగుల దగ్గర నిలబెట్టండి. ఇక్కడ చాలామందికి చెమటలు పడతాయి. చిన్నప్పుడు చూపుడు వేలి మీద కర్ర నిలబెట్టిన ఆట గుర్తుంటే దారి దొరికినట్టే. వేలిని చూస్తే కర్ర పడిపోయేది, కర్ర చివరిని చూస్తే నిలబడేది. చేయి కదిలీ కదలనట్టు కదిలేది. హోవర్ కూడా అంతే. చూపు దూరాన, ముంజేయి తొడ మీద, సైక్లిక్ వేళ్ల కొసల మధ్య. పిడికిలి బిగించారంటే ఒక దిద్దుబాటుకు రెండు తప్పులు పుడతాయి. కదిలించిన ఫలితం రావడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణం ఓపిక పట్టలేకే కొత్తవాళ్లు ఊగిపోతారు. మంచి శిక్షకులు అందుకే మూడు కంట్రోళ్లూ ఒకేసారి ఇవ్వరు. మొదట పెడల్స్ మాత్రమే, తర్వాత కలెక్టివ్, చివరికి సైక్లిక్.

నిలబడడం కుదిరాక పరీక్ష మొదలవుతుంది.

మొదట, ఇంజన్ నుంచి ఎంత శక్తి తీసుకుంటున్నారో చూపే మానిఫోల్డ్ ప్రెషర్ ముల్లు చూడండి. హోవర్ నిలబడడానికి ఎంత పట్టింది? ఈ రోజు ఉష్ణోగ్రతకు, ఎత్తుకు అనుమతించిన గరిష్ఠం ఎంత? రెండింటి మధ్య తేడాయే మీ చేతిలో ఉన్న మొత్తం డబ్బు, ఆపైన ఏ అప్పూ పుట్టదు. తేడా బాగా ఉంటే మామూలు టేకాఫ్. కొద్దిగానే ఉంటే ముందు చెట్లూ భవనాలూ లేని పొడవైన దారి ఎంచుకోవాలి. ఏమీ లేకపోతే దిగి, ఒక మనిషినో ఇంధనాన్నో తగ్గించుకోవాలి, లేదా ఎండ తగ్గేదాకా ఆగాలి.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. మూడడుగుల దగ్గర వచ్చిన ఈ అంకె కాస్త తీపి అబద్ధం. ఆర్ 22 రోటర్ వ్యాసం సుమారు 25 అడుగులు. స్కిడ్ల నుంచి రోటర్ దాకా దాదాపు 9 అడుగులుంటుంది కాబట్టి, మూడడుగుల హోవర్‌లో రోటర్ నేలకు సుమారు 12 అడుగుల పైన ఉంటుంది. అది వ్యాసంలో సగం. రోటర్ వ్యాసమంత ఎత్తు లోపల ఉన్నప్పుడు కిందికి తోసిన గాలి స్వేచ్ఛగా జారిపోలేదు, రెక్కల చివర సుడులు పూర్తిగా విస్తరించలేవు. అందువల్ల తక్కువ శక్తితోనే బరువు మోయగలుగుతుంది. దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. సిమెంటు మీద ఇది బాగా పనిచేస్తుంది. ఎదిగిన గడ్డి మీద, నీటి మీద, వాలు మీద తగ్గిపోతుంది. హెలిప్యాడ్ మీద హాయిగా నిలబడిన హెలికాప్టర్ పక్కనున్న జొన్న చేను మీదికి జరగగానే కిందికి కుంగడం మొదలుపెడితే ఆశ్చర్యపోకండి.

కేదార్‌నాథ్‌లో ఇది కళ్లకు కనిపిస్తుంది. గుడి దాదాపు 3,583 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే 11,750 అడుగులు. హెలిప్యాడ్ మీద కొద్దిగా లేచిన హెలికాప్టర్ అంచు దాటగానే కింద మందాకిని లోయ తెరుచుకుంటుంది. నేల ఆసరా ఒక్కసారిగా పోతుంది. పైలట్ ముక్కు వంచి ఆ లోతునే వేగంగా మార్చుకుంటాడు. లోపల కూర్చున్నవాళ్లకు కడుపులో జారినట్టు అనిపించడానికి ఇది చాలావరకు కారణం.

రెండో ప్రశ్న రోటర్ చుట్లది. ఇంజన్ ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ కలెక్టివ్ లాగితే చుట్లు పడిపోతాయి. ఆర్ 22 లో 97 శాతానికి తగ్గితే హారన్ మోగుతుంది. చుట్లు తగ్గుతూ పోతే రోటర్ బలమూ తోక రోటర్ బలమూ రెండూ తగ్గుతాయి. కిందికి కుంగుతున్నామని ఇంకా లాగితే ఇంకా తగ్గుతుంది. కలెక్టివ్ కొద్దిగా దించి, థ్రాటిల్ పెంచి, చుట్లు తిరిగి తెచ్చుకోవాలి. మూడడుగుల మీద ఇది జరిగితే నేల మీద మెత్తగా కూర్చుంటారు. ఎనభై అడుగుల మీద జరిగితే అంత సులువుగా బయటపడరు. పరీక్షను మూడడుగుల దగ్గరే పెట్టుకోవడం అందుకే.

మూడోది తూకం. నిలబడి ఉండడానికి సైక్లిక్‌ను బాగా వెనక్కి లాగి పట్టాల్సి వస్తోందంటే ముందు భాగం బరువెక్కిందని అర్థం. గాలి లేకుండానే అలా ఉంటే దిగి సర్దుకోండి. ముందుకు వెళ్లాక ఆపుకోవడానికి వెనక్కి లాగేందుకు చోటు మిగలదు.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో చదువుకున్న బాబ్ బలరాం నాసాలో ఇంజెన్యుటీ అనే అంగారక హెలికాప్టర్‌కు ప్రధాన ఇంజనీరుగా పనిచేశారు. భూమి గాలిలో సుమారు నూరో వంతు సాంద్రతే ఉండే గాలిలో 2021 ఏప్రిల్ 19న అది మొదటిసారి లేచినప్పుడు చేసిన పనేమిటి? మూడు మీటర్లు లేవడం, నిలబడడం, దిగడం. మొత్తం 39 సెకన్లు. పక్కకు కదలడం రెండోసారి ఎగిరినప్పటి సంగతి. అంత దూరం పంపినవాళ్లు కూడా ముందు హోవర్ చేసి చూసుకున్నారు.

హోవర్ నుంచి ముందుకు

పరీక్షలో నెగ్గాక సైక్లిక్‌ను ముందుకు, వేలి ఒత్తిడి అంత మాత్రమే. రోటర్ బలం కొంత ముందుకు మళ్లుతుంది కాబట్టి పైకి మోసే వంతు తగ్గి హెలికాప్టర్ కాస్త కుంగుతుంది. కలెక్టివ్‌ను ఇసుమంత పెంచి ఆ కుంగుబాటును ఆపండి. ఇక్కడ ఆత్రపడి ముక్కును బాగా వంచేస్తే స్కిడ్ల ముందు కొనలు నేలకు గుచ్చుకుంటాయి.

మనిషి పరుగు వేగం దాటుతుండగా ఒళ్లంతా వణుకుతుంది, కుడివైపుకు ఒరగాలని చూస్తుంది. రోటర్ ముందు భాగానికి తాజా గాలి అందుతూ, వెనక భాగానికి ఇంకా కిందికి వంగిన గాలే అందుతుండడం దీనికి కారణం. 10 నుంచి 20 నాట్ల మధ్య ఈ వణుకు వస్తుంది. కొత్తవాళ్లు ఏదో చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు, తలుపు దగ్గరికి వచ్చారు. 16 నుంచి 24 నాట్ల మధ్య రోటర్ తను తోసిన గాలినే మళ్లీ మింగడం మానేసి, పూర్తిగా కొత్త గాలిలోకి అడుగుపెడుతుంది. దీన్ని ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ అంటారు. కలెక్టివ్ ముట్టుకోకపోయినా హెలికాప్టర్ పైకి లేస్తుంది. ముక్కు పైకి ఎగబడుతుంది, తోక రోటర్ కూడా బలపడి ముక్కు ఎడమకు తిరుగుతుంది. సైక్లిక్ ఇంకొంచెం ముందుకు, కాస్త ఎడమకు. ఎడమ పెడల్ కాస్త వదలండి. ఇవన్నీ ఒక్క ఊపిరిలో వస్తాయి. వరస ముందే తెలిసినవాళ్లకు వరసలా అనిపిస్తాయి, తెలియనివాళ్లకు దాడిలా అనిపిస్తాయి.

ముక్కు పైకి ఎగబడినప్పుడు దానితోపాటే పైకి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లకండి. ప్రతి హెలికాప్టర్ మాన్యువల్‌లో ఎత్తుకూ వేగానికీ సంబంధించిన ఒక పటం ఉంటుంది, అందులో చీకటి రంగు వేసిన ప్రాంతం ఉంటుంది. పైలట్లు దాన్ని 'డెడ్ మ్యాన్స్ కర్వ్' అంటారు. ఇంజన్ ఆగిపోతే హెలికాప్టర్ రాయిలా పడదు. కింది నుంచి వచ్చే గాలితో రోటర్‌ను తిప్పుకుంటూ ఆటోరొటేషన్‌లో దిగుతుంది. కానీ అందుకు చేతిలో ఎత్తయినా ఉండాలి, వేగమైనా ఉండాలి. మూడడుగుల మీద ఇంజన్ ఆగితే మెత్తగా కూర్చోవచ్చు. వేగం లేకుండా కొన్ని పదుల అడుగుల ఎత్తులో ఆగితే రెండూ లేవు. నేలకు దగ్గరగా పరుగు తీసి వేగం సంపాదించాకే ఎక్కమనడానికి ఈ పటమే మూలం. ఆర్ 22 కు చక్కగా ఎక్కే వేగం 53 నాట్లు. ఆ వేగానికి చేరువవుతూ ఎత్తు సంపాదించడం మామూలు టేకాఫ్.

నేల మీద నుంచి నేరుగా

ఇప్పుడు హోవర్ చేయకూడని చోట్లకు వద్దాం. సున్నంతో హెచ్ గీసి, ట్యాంకర్‌తో నీళ్లు చల్లిన మైదానాన్ని మనం చాలాసార్లు చూశాం. ఆ నీళ్లు సరిగా చల్లకపోతే హోవర్ చేసిన కాసేపటికే ఎర్రదుమ్ము కమ్మేస్తుంది. పైలట్‌కు దూరపు చెట్టు కనిపించదు, నేల కనిపించదు, హెలికాప్టర్ ఎటు జారుతోందో తెలియదు. దుమ్ము ఇంజన్‌కు కూడా చేటే. మంచు మీద, ఎడారి ఇసుక మీద కూడా ఇదే సమస్య. అలాంటి చోట దుమ్ము మేఘం కమ్మేలోపే దాన్ని వెనక వదిలేసి వెళ్లిపోవాలి.

పద్ధతి చెప్పడానికి చిన్నదే. గాలికి ఎదురుగా ముక్కు, చుట్లు పూర్తిగా, వెళ్లే దారి కళ్లలో. కలెక్టివ్ నెమ్మదిగా ఎత్తి తేలికపడేదాకా రండి, స్కిడ్లు స్వేచ్ఛగా ఉన్నాయని చూసుకోండి. ఈ ఒక్క అడుగునూ ఇక్కడ కూడా దాటేయకూడదు. తర్వాత కలెక్టివ్ కొనసాగిస్తూ, నేల వదులుతుండగానే సైక్లిక్‌ను కొద్దిగా ముందుకు. ఎత్తూ వేగమూ కలిసే పెరగాలి. ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ దాటి, యాభై అడుగుల దగ్గరికి వచ్చేసరికి ఎక్కే వేగం చేతిలో ఉండాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటే: శక్తి బాగా లాగి, ముక్కు మాత్రం సమంగా ఉంచేయడం. అప్పుడు హెలికాప్టర్ నిలువుగా లేచి, వేగం లేని ఎత్తులోకి, అంటే పటంలో చీకటి ప్రాంతంలోకి, నేరుగా నడిచిపోతుంది. దుమ్ముకు భయపడి తొందరపడినవాళ్లే ఎక్కువగా ఇలా చేస్తారు. దీనికి మందు చేతిలో లేదు, ముందస్తు లెక్కలో ఉంది. హోవర్‌లో మానిఫోల్డ్ ప్రెషర్ చూసుకునే వ్యవధి ఉండదు కాబట్టి, పటాల నుంచి తీసిన అంకె మోకాలి మీది కాగితంలో రాసి ఉండాలి. ఉదయం ఇదే బరువుతో శుభ్రమైన చోట హోవర్ చేసి ఉంటే ఆ అంకె ఇంకా మంచి సాక్ష్యం, అయితే అప్పటికీ ఇప్పటికీ ఎన్ని డిగ్రీలు పెరిగిందో కలుపుకోవాలి.

చుట్టూ చెట్లు ఉన్న చిన్న జాగా నుంచి నిటారుగా ఎక్కే పద్ధతి వేరే ఉంది, దాన్ని మాక్సిమమ్ పర్‌ఫార్మెన్స్ టేకాఫ్ అంటారు. అందులో చీకటి ప్రాంతం గుండా తెలిసి తెలిసే వెళతారు. నేల ఆసరా లేకుండా హోవర్ చేయగల శక్తి ఉందని పటం చెబితేనే అటు ఆలోచించాలి. శిక్షకుడు పక్కన లేకుండా దాని జోలికి పోవద్దు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది పరుగు టేకాఫ్. బరువు ఎక్కువై, గాలి పల్చనై హోవర్ సరిగా నిలబడని రోజున, చదునైన గట్టి నేల మీద స్కిడ్లను జారుస్తూ వేగం తెచ్చుకుని, ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ అందుకున్నాక నేలను వదలడం. చక్రాలున్న ఎంఐ-17 లాంటి పెద్ద హెలికాప్టర్లు ఎత్తైన చోట్ల ఇలా దొర్లుతూ లేస్తాయి. స్కిడ్ల హెలికాప్టర్‌లో ముక్కు ఇసుమంత పక్కకు తిరిగినా స్కిడ్ గుచ్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి పెడల్స్ మీదే ప్రాణం పెట్టాలి. ఇది నేర్చుకోవడం మంచిదే. కానీ హోవర్ చేయలేని బరువుతో బయల్దేరితే, వెళ్లిన చోట కూడా హోవర్ చేసి దిగలేమేమో ఆలోచించుకోండి. మధ్యలో ఇంధనం ఎంత కరుగుతుందో, దిగే చోటు ఎంత ఎత్తులో ఉందో చూసుకోకుండా పరుగు టేకాఫ్‌కు సిద్ధపడడం నాకు నచ్చదు.

అడ్డగాలి ఉంటే ఏ పద్ధతికైనా ఒకటే నియమం. యాభై అడుగుల లోపు సైక్లిక్‌ను గాలి వైపు వాల్చి, పెడల్స్‌తో ముక్కును వెళ్లే దారికి సూటిగా ఉంచండి. ఇంజన్ ఆగి వెంటనే దిగాల్సి వచ్చినా స్కిడ్లు దారికి సమంగా ఉంటాయి. యాభై దాటాక ముక్కును గాలి వైపు తిప్పి వదిలేయొచ్చు, హెలికాప్టర్ కాస్త పక్కగా నడుస్తున్నట్టు కనిపించినా దారి మాత్రం తప్పదు. తోక వెనక నుంచి గాలి వీస్తుంటే టేకాఫ్ కోసం తిరిగి ఎదురుగాలిలోకి వెళ్లడానికి పట్టే రెండు నిమిషాలు ఎప్పుడూ గిట్టుబాటే. వెనక గాలిలో ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ రావడానికి అంత ఎక్కువ పరుగు కావాలి, తోకను నిలబెట్టడానికి పాదాలకు విశ్రాంతి ఉండదు.

ఇక మానుకోవడం గురించి. హోవర్ నుంచి బయల్దేరాక మీరు ఎంచుకున్న గుర్తు, ఒక బోర్డో ట్యాక్సీవే మలుపో, దాటేలోపు ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్ రాకపోతే సైక్లిక్ మెల్లగా వెనక్కి తెచ్చి, వేగం తగ్గించి, మళ్లీ హోవర్‌లోకి వచ్చి కూర్చోండి. ఆ గుర్తును లేవకముందే ఎంచుకుని శిక్షకుడికి నోటితో చెప్పండి. నేల మీద నుంచి నేరుగా వెళ్లేటప్పుడు గుర్తు ఇంకా దగ్గరగా ఉండాలి, దుమ్ములోకి వెనక్కి రావడం కుదరదు కాబట్టి. ఆ గుర్తు దాటి, 53 నాట్లు నిలకడగా వచ్చి, ఎక్కడం మొదలయ్యాక కలెక్టివ్ ఎంత ఉంచాలి, ముక్కు ఎక్కడ పెట్టాలి అన్నవి తర్వాతి అధ్యాయంలో.